గంటగంటకీ వెయ్యలేని చుక్క

నవంబరు చివర్లో కృష్ణా డెల్టాలో కోతలు ఊపందుకుంటే, కంటి ఆస్పత్రులకు నల్లగుడ్డు మీద పుండ్లతో రైతులు, కూలీలు వస్తుంటారు. వరి ఆకు కొస గీసుకుంటుంది, లేదా నూర్పిడిలో ఊక ఎగిరి కంట్లో పడుతుంది. నలక తీసేసుకుని మళ్లీ పనిలో దిగుతారు. కొన్నాళ్లకు కన్ను ఎర్రబడి నీరు కారుతుంది. అప్పుడు ఆకు పసరు పిండుకుంటారు, కాదంటే మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటారు. ఆ చుక్కలతో ఎరుపు తగ్గినట్టే ఉంటుంది గానీ లోపల ఫంగస్‌కు అడ్డు లేకుండా పోతుంది. చివరికి కంట్లో పువ్వు మిగులుతుంది.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2002లో ప్రచురించిన పదేళ్ల లెక్కలో ఇలాంటి ఫంగస్ కేసులు 1,352. సగానికి పైగా దెబ్బ తగిలిన కళ్లే. ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ కలిసి మూడింట రెండు వంతులు. రెండూ మట్టిలో, కుళ్లిన గడ్డిలో పెరిగేవే.

విజయవాడలో ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెప్పుకునే నాకు కొత్త మందు కనిపెట్టాలన్న ఆశ లేదు. ఉన్న మందు చేరాల్సిన చోటికి చేరి, అక్కడే నిలబడాలి. నాటమైసిన్ ఉంది. 1955లో దక్షిణాఫ్రికా నటాల్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన మందు. మదురై అరవింద్ ఆస్పత్రి వైద్యులు పాల్గొన్న పెద్ద పరీక్షలో, దానికన్నా కొత్తదైన వొరికొనజోల్‌ను ఇదే మించిందని 2013లో తేలింది. ఫ్యుజేరియం మీద తేడా మరీ స్పష్టం.

చిక్కంతా కంటితోనే. ఒక చుక్క 40, 50 మైక్రోలీటర్లుంటే కన్ను పట్టేది 30కి మించదు. రెప్పలు కొట్టుకోగానే కన్నీళ్లతో మందు కొట్టుకుపోతుంది. పైగా నాటమైసిన్ అణువు పెద్దది, నల్లగుడ్డు లోతుకు సులువుగా దిగదు. అందుకే మొదటి రోజుల్లో గంటకో చుక్క. కంటి ఆస్పత్రి వార్డులో ఒక రైతు భార్య అంది: "సీసా కుదిపి గంటగంటకీ వెయ్యమన్నారండీ. కోతల్లో ఎవరు కూర్చుని వేస్తారండీ?" నా పనంతా ఆవిడకు జవాబు వెతకడమే.

ఆ జవాబు కోసమే, మందు కలిపిన పాలిమర్ ద్రావణాన్ని సిరంజిలో పోసి, సూదికి పదిహేను వేల వోల్టులు ఇస్తాం. సూది కొనన బొట్టు కోసుగా సాగుతుంది, దాని మొన నుంచి కంటికి కనబడనంత సన్నని ధార ఎగిరి, దారిలోనే ఆరి, ఎదురుగా ఉన్న అల్యూమినియం రేకు మీద పోగులుగా పడుతుంది. పోగు మందం కొన్ని వందల నానోమీటర్లు. కొన్ని గంటలకు తెల్లటి పల్చని పొర తయారవుతుంది. దాన్ని చిన్న ముక్కగా కోసి కింది రెప్ప లోపల ఉంచితే, మందు కొద్దికొద్దిగా వదలాలి.

మా ఊరి గాలి మాత్రం ఈ యంత్రానికి పడదు. ఆగస్టులో కాలువలు నిండుగా పారుతున్నప్పుడు గదిలో తేమ పెరిగి ధార సరిగా ఆరదు, పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తీసి బల్ల మీద పెట్టిన పొర, మూత తీసిన డబ్బాలో అప్పడంలా మెత్తబడుతుంది. తేమ లాగే యంత్రం పెట్టాక గానీ పని సాగలేదు.

పాలిమర్‌గా పాలీవినైల్ ఆల్కహాల్‌తో కైటోసాన్ కలుపుతున్నాను. కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి వస్తుంది, డెల్టాలో రొయ్యలకు కొదవలేదు. అది కంటి తడి పొరను పట్టుకుని ఉంటుంది, ఫంగస్‌ను కూడా కొంత అడ్డుకుంటుంది. అయితే పొర త్వరగా కరగకుండా పోగులను గట్టిపరచాలి. అందుకు మామూలుగా వాడే గ్లుటరాల్డిహైడ్‌ను కంట్లో పెట్టే వస్తువులో నేను వాడను, వేడితోనే గట్టిపరుస్తాను.

2021లో బ్లాక్ ఫంగస్ రోజుల్లో యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్లకు జనం అల్లాడుతుంటే, ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు అదే మందును జెలటిన్ నానోపోగుల్లో పెట్టి నోటి మాత్రగా ముందుకు తెచ్చారు. ఆ వార్త నాకు చాలా ధైర్యమిచ్చింది.

నా పొర ఇంకా కుందేళ్ల పరీక్షలు దాటాలి, ఆ తర్వాతే మనుషుల మాట. అంతవరకూ క్లాసులో ఒకటే చెబుతున్నాను: పొలం నుంచి ఎర్ర కన్నుతో ఎవరొచ్చినా స్టెరాయిడ్ చుక్కలు చేతిలో పెట్టకండి, వెంటనే కంటి ఆస్పత్రికి పంపండి. పుండును కాస్త గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి చూస్తే నిమిషాల్లో ఫంగస్ పోగులు కనిపిస్తాయి. నా విద్యార్థుల్లో చాలామంది రేపు డెల్టా ఊళ్లలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాళ్లే.