తాళం ఒక్కరి దగ్గరే ఉంటే...

ఇంటి పెద్దావిడ బొడ్డులో తాళాలగుత్తి దోపుకుని తిరిగే ఇంట్లో ఇనప్పెట్టెకు దిగుల్లేదు. ఆవిడ ఊరెళితేనే చిక్కు! పిల్లాడి ఫీజు కట్టాలన్నా ఆవిడ వచ్చేదాకా ఆగాల్సిందే. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి 2008లో అలాంటి చిక్కే వచ్చిపడింది.

నగర పాలక కార్యాలయాల కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్‌ను టెర్రీ చైల్డ్స్ అనే ఇంజినీరు చూసుకునేవాడు. అందులోని స్విచ్‌లు, రూటర్లు ఆయనకు కన్నబిడ్డలతో సమానం. ఇక్కడ స్విచ్ అంటే లైటు వేసేది కాదు. కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె. ఎవరి సమాచారం ఎవరికి వెళ్లాలో చూసేది అదే. వాటిలో మార్పులు చేసే పాస్‌వర్డ్ ఆయనొక్కడికే తెలుసు. పై అధికారులు అడిగితే చెప్పలేదు. వాళ్ల చేతిలో పడితే నెట్‌వర్క్ పాడవుతుందని ఆయన భయం. జులైలో అరెస్టయ్యాడు. చివరికి మేయర్ గావిన్ న్యూసమ్ స్వయంగా జైలుకు వెళితే ఆయనకు చెప్పాడు. అన్నాళ్లూ నెట్‌వర్క్ నడుస్తూనే ఉంది. అయినా 2010లో కోర్టు నాలుగేళ్ల జైలుశిక్ష వేసింది.

మరి తాళం ఒక్కడి దగ్గరే ఉండనిచ్చిన ఇంటిది తప్పు కాదా?

ఈ చిక్కు రాకుండా చూడటం కష్టమేం కాదు. స్విచ్‌లోకి వెళ్లే ప్రతి ఒక్కరికీ సొంత పేరు, సొంత పాస్‌వర్డ్ ఉండాలి. చూసి వెళ్లేవారికి చూసేంత, మార్చేవారికి మార్చేంత అధికారం చాలు. అత్యవసరానికి ఒక పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్లో, బీరువాలో భద్రంగా ఉండాలి. ఉద్యోగం మానేసినవారి పేరు ఆ రోజే తీసేయాలి.

రెండోది చిట్టా. ఎవరు ఎప్పుడొచ్చారు, ఏం మార్చారు, తప్పు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టారు... సరిగా అమర్చుకుంటే అన్నీ స్విచ్ రాసిపెడుతుంది. కానీ దాని పుస్తకం చిన్నది. కొత్తవి చేరేకొద్దీ పాతవి చెరిగిపోతాయి. చాలావాటిలో కరెంటు పోతే అవీ పోతాయి. అందుకే ఎప్పటికప్పుడు మరో కంప్యూటర్‌కు నకలు పంపాలి. 1980ల్లో ఎరిక్ ఆల్‌మన్ తన ఈమెయిల్ ప్రోగ్రామ్ కోసం తయారుచేసిన ‘సిస్‌లాగ్’ పద్ధతినే నేటికీ ఇందుకు వాడుతున్నారు. స్విచ్ గడియారం కూడా సరిగ్గా నడవాలి. లేదంటే రాత్రి జరిగింది పగలు జరిగినట్టు కనిపిస్తుంది!

చిట్టా అనగానే ‘మామీద నమ్మకం లేదా’ అని చిన్నబుచ్చుకునేవారుంటారు. రేపు నింద పడితే నిజాయితీపరుడి తరఫున సాక్ష్యం చెప్పేదీ ఆ చిట్టాయే. చైల్డ్స్ పక్కన రెండో తాళంచెవి ఉన్న మనిషి ఒక్కడుంటే, ఆయనకు ఉద్యోగం, స్వేచ్ఛ రెండూ మిగిలేవేమో!

తాళాలు మోసే పెద్దావిడకు కూడా నాలుగు రోజులు నిశ్చింతగా పుట్టింటికి వెళ్లిరావాలని ఉంటుంది కదా!