ఇయా లోయలో ఇంగ్లిషు టీచరమ్మ

'అన్నా, ఎప్పుడన్నా రా గానీ అక్టోబరులో మాత్రం రాకు. ఆ నెల నాకు ఊపిరి తీసుకునే తీరిక కూడా ఉండదు' అని చెల్లె ముందే చెప్పింది. అయినా అక్టోబరులోనే బయల్దేరాను. జపాన్‌లో ఆకులు రంగు మారేది అప్పుడేనని ఎక్కడో చదివాను మరి!

తీరా వెళ్తే ఆకులు పచ్చగానే ఉన్నాయి. 2024లో అక్కడ ఎండలు ఓ పట్టాన తగ్గలేదు. కొండ శిఖరాల మీద తప్ప ఎరుపన్నదే కనిపించలేదు. ఆకుల సంగతి అలా ఉంచితే, కొన్ని నెలల్లో మూతపడబోతున్న బడిలో ఓ ఇంగ్లిషు టీచరు ఎంత పని చేస్తుందో మాత్రం కళ్లారా చూశాను.

తను మా పిన్ని కూతురు. జగిత్యాల దగ్గర పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. ఇప్పుడు జపాన్‌లోని షికోకు దీవిలో, కొండల నడుమ ఉన్న ఇయా లోయలో పిల్లలకు ఇంగ్లిషు చెబుతోంది. బడి పేరు మాత్రం రాయొద్దంది.

అక్కడికి వెళ్లడమే ఓ యాత్ర. ఒసాకాలో విమానం దిగి ఒకయామా దాకా బుల్లెట్ రైల్లో వెళ్లాలి. అక్కడ రైలు మారి, సెతో వంతెన మీదుగా సముద్రం దాటాలి. 1988లో ఆ వంతెన పూర్తయ్యేదాకా ఈ దీవికి రైలు దారే లేదు. ఆ తర్వాత యోషినో నది పక్కనే సాగి ఒబొకే స్టేషన్లో దిగితే, బయట పసుపు నంబరు ప్లేటున్న బుల్లికారుతో చెల్లె ఎదురుచూస్తోంది. ఒక పక్క కొండ, మరో పక్క లోయ. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే.

జపాన్‌లోని మూడు మారుమూల ప్రాంతాల్లో ఇయా ఒకటని పేరు. పన్నెండో శతాబ్దంలో యుద్ధంలో ఓడిపోయిన హెయికె వంశీయులు ఇక్కడికి వచ్చి తలదాచుకున్నారని చెబుతారు. అడవి తీగలతో అల్లిన వంతెన ఈ లోయకు గుర్తు. పొడవు 45 మీటర్లు, నీటికి 14 మీటర్ల ఎత్తు. మూడేళ్లకోసారి దాన్ని కొత్తగా అల్లుతారు. అడుగుల సందుల్లోంచి నది కనిపిస్తుంటే నేను తీగ వదల్లేదు. చెల్లె మాత్రం ఫోన్లో పాఠం గురించి మాట్లాడుకుంటూ దాటేసింది.

పదకొండు మంది... ఓ ఆటల పోటీ

జపాన్ ప్రభుత్వం 1987 నుంచి విదేశీయుల్ని సహాయ టీచర్లుగా బడులకు రప్పిస్తోంది. 2020 నుంచి ఐదు, ఆరు తరగతుల్లోనూ ఇంగ్లిషు తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఆ పని కోసం చెల్లె వారంలో మూడు బడులు తిరుగుతుంది. ఎక్కడా ఒంటరిగా పాఠం చెప్పదు. పక్కన జపనీస్ టీచరు ఉంటారు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలి చెప్పులు వేసుకోవడంతో రోజు మొదలవుతుంది. మధ్యాహ్నం పిల్లలే తెల్ల టోపీలు పెట్టుకుని అన్నం వడ్డిస్తారు. తర్వాత వాళ్లే చీపుర్లు, గుడ్డలు పట్టుకుని బడంతా తుడుస్తారు. టీచర్లు కూడా తుడవాల్సిందే.

కొండమీది చిన్న బడిలో ఆరు తరగతులకూ కలిపి పదకొండు మందే పిల్లలు. నేను వెళ్లిన వారంలోనే ఆటల పోటీ. ఎర్ర జట్టు, తెల్ల జట్టు అంటూ విడిపోవాలి. పదకొండు మందితో తాడు లాగుడు ఎలా సాగుతుంది? అందుకే ఊరంతా దిగింది. డెబ్బై దాటిన తాతలు తాడు పట్టారు. అమ్మమ్మలు నడుముకు గుడ్డ బిగించి, ఎత్తయిన కర్రకు కట్టిన బుట్టలోకి బంతులు విసిరారు. నన్నూ తెల్ల జట్టులోకి లాగారు. ఓడిపోయాం. అందరూ నవ్వారు. ఆఖర్న హెడ్మాస్టరు మైకులో ఏదో చెప్పగానే మైదానం ఒక్కసారిగా మౌనమైపోయింది.

'ఏమన్నారు?' అని అడిగాను.

'ఈ బడిలో ఇదే చివరి ఆటల పోటీ అన్నరు' అంది చెల్లె.

మార్చితో విద్యా సంవత్సరం ముగుస్తుంది. అప్పుడు బడి మూసేస్తారు. పిల్లలు బస్సెక్కి దూరంలో ఉన్న పెద్ద బడికి వెళ్లాలి. పిల్లలే పుట్టని పల్లెల్లో జపాన్ ఏటా ఇలా వందల బడులు మూసేస్తోంది.

తంగేడు లేని బతుకమ్మ

అక్టోబరు పది, గురువారం. మన దగ్గర సద్దుల బతుకమ్మ. అక్కడ మామూలు బడి రోజే. సెలవు అడగడానికి చెల్లెకు మొహం చెల్లలేదు. అందుకే బతుకమ్మనే బడికి తీసుకెళ్లింది. 'రేపు తలా గుప్పెడు పూలు తెండి' అని ముందు రోజే పిల్లలకు చెప్పింది.

తంగేడు లేదు, గునుగు లేదు. గులాబీ రంగు కాస్మోస్ పూలు, బంతిపూలు, వెండిలా మెరిసే రెల్లు పూలు వచ్చాయి. రంగులు, అంకెలు ఇంగ్లిషులో చెప్పుకుంటూ పిల్లలు వరసలు పేర్చారు. ఆ రోజు పాఠం అదే. గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టడం వాళ్లకు నేర్పాల్సిన పనే పడలేదు. ఆగస్టులో పెద్దల్ని తలచుకుంటూ ఊరూరా ఆడే బొన్ నాట్యం కూడా అలాంటిదే. సాయంత్రం బడి వెనక వాగులో బతుకమ్మను వదిలారు. అది రాళ్ల మధ్య చిక్కుకుంటే ఓ పిల్లాడు బూట్లు విప్పి నీళ్లలోకి దిగి తోసి వచ్చాడు.

ఆ తర్వాతి సోమవారం జాతీయ క్రీడాదినం, సెలవు. ఇద్దరం నగొరో అనే ఊరికి వెళ్లాం. అక్కడ ముప్ఫై మంది మనుషులు కూడా లేరు. బొమ్మలు మాత్రం 300కు పైగా ఉన్నాయి! అయానో త్సుకిమి అనే ఆవిడ ఒసాకా నుంచి సొంతూరికి తిరిగొచ్చి, పక్షుల్ని తోలడానికి పొలంలో ఓ దిష్టిబొమ్మ పెట్టారు. అది అచ్చం వాళ్ల నాన్నలా ఉందట. అప్పట్నుంచి చనిపోయినవాళ్లకూ, ఊరు వదిలినవాళ్లకూ బొమ్మలు చేస్తున్నారు. అక్కడి బడి 2012లోనే మూతపడింది. తరగతి గదిలో బల్లల ముందు బొమ్మ పిల్లలు, నల్లబల్ల దగ్గర బొమ్మ టీచరు. చెల్లె ఆ టీచరు బొమ్మను చాలాసేపు చూసింది. తిరిగొస్తుంటే దారంతా ఏమీ మాట్లాడలేదు.

బస్సు... బసు!

అక్టోబరులో చెల్లెను అందరికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఓ పదిహేనేళ్ల అమ్మాయి. నెలాఖరులో పట్టణంలో ఇంగ్లిషు ఉపన్యాసాల పోటీ. కింది బడి నుంచి ఆ అమ్మాయి వెళ్లాలి. 'నా కల టోక్యో' అని రాసుకుంది. కంఠతా పట్టింది. చెబుతుంటే మాత్రం ఎవరి సామానో మోస్తున్నట్టుగా ఉంది. పైగా తన ఉచ్చారణ అంటే సిగ్గు. బస్‌ను 'బసు' అంటుంది, టెస్ట్‌ను 'తెసుతొ' అంటుంది.

'మనం బస్సు, టెస్టు అనట్లేదా అన్నా? పట్నంలో డిగ్రీ చేరినప్పుడు నా బస్సు విని క్లాసంతా నవ్వింది. ఏడాది దాకా నోరు తెరవలే' అంది చెల్లె. అదే మాట ఆ అమ్మాయికీ చెప్పింది. తెలుగు మాటలూ అచ్చులతోనే ముగుస్తాయని పలికి చూపించింది. ఆ పిల్ల మొదటిసారి గట్టిగా నవ్విందట.

ఓ సాయంత్రం సాధన అయ్యాక, 'ఇంటికెళ్లి ఏం చేస్తావ్?' అని చెల్లె ఊరికే ఇంగ్లిషులో అడిగింది. వగరు కాకి పండ్ల తొక్క తీయడం, నాన్నమ్మ వాటిని తాడుకు కట్టి చూరుకు వేలాడదీయడం, గాలికి ఆరి అవి తియ్యబడటం... ఐదు నిమిషాలు తడుముకుంటూనే చెప్పింది. వచ్చే ఏప్రిల్లో హైస్కూలు చదువుకు పట్టణంలో హాస్టల్లో చేరాలట. ఈ లోయలో పిల్లలు పదిహేనేళ్లకే ఇల్లు వదలాలి. 'అప్పుడు నాన్నమ్మకు పండ్లు ఒలిచిపెట్టేది ఎవరు?' అని ఆగిపోయింది.

ఉపన్యాసం మార్చేద్దామంది చెల్లె. పోటీకి పది రోజులే ఉంది. జపనీస్ టీచరు తల పక్కకు వంచి 'అది కాస్త...' అన్నారు. అక్కడ దానర్థం 'వద్దు' అనే! రెండు రోజులు నలిగింది వ్యవహారం. చివరికి ఆ పిల్లే తేల్చింది, కాకి పండ్ల గురించే చెబుతానని. రోజూ బడయ్యాక గంటన్నర సాధన. ఐదింటికి ఊళ్లో మైకులోంచి వచ్చే పాట విని పిల్లలంతా ఇంటిదారి పడుతుంటే, వీళ్లిద్దరూ ఇంకా గదిలోనే ఉండేవారు.

పోటీ రోజు నేనూ వెళ్లాను. సగంలో మరిచిపోయింది. నిశ్శబ్దం. పక్కన చెల్లె పిడికిలి బిగించింది. ఆ అమ్మాయి కళ్లు మూసుకుని, తెరిచి, కాగితంలో లేని ఓ వాక్యం చెప్పి దారిలో పడింది. బహుమతి రాలేదు. తిరుగు ప్రయాణంలో, ఇంగ్లిషు ఒక్క ముక్క రాని నాన్నమ్మ 'ఏం చెప్పావ్?' అని అడిగిందట. మనవరాలు కారులో మొత్తం జపనీస్‌లో చెప్పింది. హాస్టల్ సంగతి ఇంట్లో అప్పటిదాకా ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదట.

అక్టోబరు 31న హాలోవీన్, మన దీపావళి ఒకేరోజు వచ్చాయి. పగలంతా దెయ్యం ముసుగులు కత్తిరించి, రాత్రి గుమ్మంలో రెండు కొవ్వొత్తులు వెలిగించి, చెల్లె కూర్చున్నచోటే నిద్రపోయింది. మర్నాడు నేను బయల్దేరాను. అప్పటికీ లోయ పచ్చగానే ఉంది.

డిసెంబరు చివర్లో సెలవులకు వచ్చినప్పుడు నాకో పొట్లం ఇచ్చింది చెల్లె. ఎండిన కాకి పండ్లు. మీద బూడిద చల్లినట్టు తెల్లటి చక్కెర పూత. లోపల చిన్న చీటీ, ఇంగ్లిషులో. 'ఒలిచింది నేను, కట్టింది నాన్నమ్మ' అని.

2025 మార్చిలో కొండమీది బడి మూసేశారు. ఆఖరి రోజు పిల్లలు మామూలుగానే బడంతా తుడిచి వెళ్లారని చెల్లె ఫోన్లో చెప్పింది.