సినిమా చెట్టు కింద మూడు సెకన్ల ఫిలిం

కుమారదేవం అనే ఊరి పేరు మీరు విని ఉండకపోవచ్చు. ఆ ఊరి చెట్టును మాత్రం చూసే ఉంటారు. ఒకసారి కాదు, పదిసార్లు! గోదారి గట్టున పెద్ద గొడుగు విప్పినట్టుండే నిద్రగన్నేరు. దాని నీడలో ఊరి పెద్దలు పంచాయితీ పెట్టారు, హీరోయిన్ డ్యూయెట్ పాడింది, విలన్ జీపు వచ్చి ఆగింది. కృష్ణగారి 'పాడిపంటలు' (1976)తో మొదలై మూడొందల పైచిలుకు సినిమాలు అక్కడ షూటింగు జరుపుకున్నాయని చెబుతారు. లెక్క సరిచూసే ఓపిక ఎవరికుంది గాని, 'సినిమా చెట్టు' అన్న పేరు మాత్రం ఊరికే రాలేదు. కొవ్వూరులో ఆటో ఎక్కి కుమారదేవం అంటే, "సినిమా చెట్టు కాడికేనాండీ?" అనే ఎదురు ప్రశ్న వచ్చేది.

ఆ చెట్టు దగ్గరికి నేను రెండుసార్లు వెళ్ళాను. 2023 జనవరిలో, సంక్రాంతి సందడి తగ్గాక ఒకసారి. 2024 నవంబరులో ఇంకోసారి. రెండుసార్లూ మెడలో ఒకటే కెమెరా, అందులో ఒకటే రోలు. ఇది చెట్టు కథా, కెమెరా కథా అని అడిగితే మాత్రం... రెంటినీ విడదీయడం నా వల్ల కాదు.

పెట్టెలో కూర్చున్న ఫోకస్ పుల్లర్

కెమెరా పేరు కోనికా హెక్సార్. 1993లో జపాన్‌లో విడుదలైంది. 35 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే. దాన్ని విప్పి ఇంకోటి బిగించడానికి లేదు, జూమ్ లేదు. నల్లగా, నున్నగా, చేతిలో అర కిలో బరువు తూగుతుంది. టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు 2019లో అక్కడి సెకండ్‌హాండ్ షాపులో కొని పట్టుకొచ్చాడు. ధర విన్న పెద్దమ్మ, "ఒరేయ్, నా ఫోనుకే మూడు లెన్సులున్నాయి, దీనికి ఒక్కటేగా! ఇంత రేటేమిట్రా?" అంది. ఆవిడ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ గట్టి సమాధానం లేదు.

స్టిల్ ఫోటోగ్రాఫర్ల చేతుల్లో మీరు ఎక్కువగా చూసిన పెద్ద కెమెరాల్లో ఒక అద్దం ఉంటుంది. బటన్ నొక్కగానే అది పైకి లేచి 'ఠప్' మంటుంది. ఇందులో ఆ అద్దం లేదు. లెన్సు ఒక దారి, మన కన్ను ఇంకో దారి. పైనున్న చిన్న కిటికీలోంచి మనం చూస్తాం, కింద లెన్సు తన పని తాను చేసుకుంటుంది. షట్టరు కూడా లెన్సులోనే ఉండటంతో చప్పుడు బహు తక్కువ. దానికి తోడు సైలెంట్ మోడ్ అని ఒకటుంది. అది పెడితే లోపలి మోటారు నెమ్మదిగా, పిల్లి నడకలా ఫిలిం లాగుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు ఫోటో తీశారని కూడా తెలియదు.

ఇక ఫోకస్ సంగతి. సాధారణ రేంజ్‌ఫైండర్ కెమెరాలో రెండు కిటికీల నుంచి వచ్చే రెండు బొమ్మలు కలిసి ఒకటయ్యేదాకా లెన్సును చేత్తో తిప్పాలి. ఈ చాకిరీ కెమెరాయే చేసుకుంటే? 1977లో ఇదే కోనికావాళ్ళు సి35 ఏఎఫ్ అనే కెమెరాను తెచ్చారు. ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారై అమ్మకానికొచ్చిన మొట్టమొదటి ఆటోఫోకస్ కెమెరా అదే. హెక్సార్ దానికి వారసుడు. బటన్ సగం నొక్కగానే కంటికి కనపడని పరారుణ కిరణాన్ని వదులుతుంది. అది ఎదుటి వస్తువుకు తగిలి తిరిగొచ్చిన కోణాన్ని బట్టి దూరం లెక్కగట్టి, లెన్సును తానే జరుపుకుంటుంది. షూటింగు చూసినవాళ్ళకు ఇట్టే అర్థమయ్యేలా చెప్పాలంటే, టేపు పట్టుకుని హీరో ముక్కుదాకా దూరం కొలిచే ఫోకస్ పుల్లర్ ఉంటాడు చూడండి, ఆయన్ని పట్టుకొచ్చి పెట్టెలో కూర్చోబెట్టారన్నమాట!

కాకపోతే ఈ పుల్లరుకు కథ తెలియదు. హీరో ఎవరో, వెనకాల నుంచున్న జూనియర్ ఆర్టిస్టు ఎవరో తెలియదు. ఫ్రేము నడిమధ్యన ఎవరుంటే వాళ్ళకే టేపు పడతాడు. అంచుకు దగ్గరగా ఉన్న మనిషిని తియ్యాలంటే ముందు ఆ మనిషిని మధ్యకు తెచ్చి, బటన్ సగం నొక్కి పట్టుకుని, అప్పుడు కెమెరాను పక్కకు జరపాలి. ఫోకస్ సరిగ్గా ఎవరి మీద కుదిరిందో కిటికీలోని బొమ్మను చూస్తే తెలియదు. అక్కడ ఎప్పుడూ అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. అసలు సంగతి రోలు కడిగించాకే!

సినిమా ఫిలిమే, అడ్డంగా

సినిమా అభిమానులకు ఒక ముచ్చట చెప్పాలి. ఈ కెమెరాలో వేసే 35 ఎంఎం ఫిలిం అచ్చంగా సినిమా కోసం పుట్టిన కొలతే. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయన సినిమా ఫిలిం ముక్కను అడ్డంగా నడిపే చిన్న కెమెరా కట్టాడు. అదే 1925లో అమ్మకానికొచ్చిన లైకా. సినిమా కెమెరాలో ఫిలిం నిలువుగా దిగుతుంది, ఒక్కో ఫ్రేముకు నాలుగేసి కంతలు. స్టిల్ కెమెరాలో అడ్డంగా జరుగుతుంది, ఒక్కో ఫోటోకు ఎనిమిది కంతలు. అంటే మన ఒక్క ఫోటో రెండు సినిమా ఫ్రేములతో సమానం. 36 ఫోటోల రోలంటే 72 సినిమా ఫ్రేములు. సెకనుకు 24 చొప్పున తెరమీద వేస్తే... సరిగ్గా మూడు సెకన్లు! హీరో తల తిప్పి చూసే పాటి టైము. ఆ మూడు సెకన్ల ఫిలింతో నేను రెండు రోజులు గోదారి గట్టున తిరగాలి. రోలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి నాకు ఒక్కో ఫోటో యాభై రూపాయలకు కాస్త అటూ ఇటూగా పడింది. చెయ్యి దానంతటదే పొదుపు నేర్చుకుంటుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు కావాలనే ఏసీ బోగీ వద్దనుకుని స్లీపర్ టికెట్టు కొన్నాను. పరారుణ కిరణానికి అద్దమంటే పడదు. రైలు కిటికీ అద్దంలోంచి తియ్యబోతే కిరణం అద్దానికే తగిలి వెనక్కొస్తుంది, గోదారేమో మసకబారుతుంది. చేత్తో అనంత దూరానికి పెట్టుకునే వీలుందనుకోండి, కానీ తెరిచిన కిటికీ, మొహాన కొట్టే గాలి ఉండగా ఆ తిప్పలెందుకు? కొవ్వూరు దాటాక వంతెన ఎక్కుతుంటే పక్కనే 1900 నాటి హేవలాక్ వంతెన కనిపిస్తుంది. దానిమీద 1997 నుంచి రైళ్ళు లేవు. రెండు ఫోటోలు అక్కడే అయిపోయాయి. రాజమండ్రిలో దిగి, పెసరట్టు తిని, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన పైఅంతస్తు మీదుగా మళ్ళీ కొవ్వూరు వచ్చాను. అక్కణ్ణుంచి గట్టు వెంబడి ఎగువకు కొద్ది కిలోమీటర్లు.

చెట్టు ఎదురైనప్పుడు ముందు నవ్వొచ్చింది. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన ముఖంలా ఉంది. కొమ్మలు ఏటివైపు వంగి, ఒక్కో కొమ్మ ఒక్కో చెట్టంత ఉంది. వయసు నూటయాభై ఏళ్ళ దగ్గర్లో ఉంటుందని చెబుతారు. కింద మేకలు, ఒక సైకిలు, టీ ఫ్లాస్కుతో ఒకాయన, గేదెను తాడుతో పట్టుకుని ఒక పెద్దాయన.

మిట్టమధ్యాహ్నం గోదారి వెలుగు ఈ కెమెరాకు పెద్ద పరీక్ష. దీని షట్టరు సెకనులో 250వ వంతుకు మించి వేగంగా పరుగెత్తలేదు. 200 ఐఎస్ఓ ఫిలిం వేసుకుంటే ఎండలో లెన్సు కన్నును ఎఫ్/16 దాకా చిన్నది చెయ్యాల్సిందే. అప్పుడు ముందు మేక, వెనక పడవ, అవతలి గట్టు అన్నీ ఒకే స్పష్టతతో వచ్చేస్తాయి. వెనకాలంతా మసకగా, మనిషి ఒక్కడే తేటగా రావాలంటే కన్ను పూర్తిగా, ఎఫ్/2కు తెరవాలి. దానికి సాయంత్రం దాకా ఆగాలి. ఆగాను. ఆగడం వల్లే ఒక విషయం చూశాను.

నిద్రగన్నేరుకు ఆ పేరు ఎందుకొచ్చిందో పుస్తకాల్లో చదివాం. పొద్దు వాలేకొద్దీ దాని ఆకులు జంటజంటగా ముడుచుకుంటాయి. మధ్యాహ్నం చిక్కగా ఉన్న నీడ సాయంత్రానికి పలచబడింది. కొమ్మల సందుల్లోంచి ఆకాశం దిగింది. పడమటి వెలుగు ఊరివైపు నుంచి వచ్చి మాను మీద, పెద్దాయన భుజం మీద పడింది. మాను నాకు అయిదారు గజాల్లో ఉంది. బటన్ సగం నొక్కాను, లోపల లెన్సు కదిలిన చిన్న చప్పుడు. పూర్తిగా నొక్కాను. పెద్దాయన తల తిప్పలేదు. గేదె చూసింది!

"తీశారాండీ?" అన్నాడాయన, ఇంకో రెండు తీశాక.

"తీశాను బాబాయిగారూ."

"ఏదీ, చూపించండి."

"ఇందులో బొమ్మ కనపడదండీ. హైదరాబాదు వెళ్ళి కడిగించాలి."

"ఆయ్! మరి బాగా వచ్చిందో లేదో ఇప్పుడెలా తెలుత్తాదండీ?"

"తెలియదండీ."

ఆయన కాసేపు కెమెరాను ఎగాదిగా చూసి, "పూర్వం సినిమావోళ్ళూ అంతేనండి. ఇక్కడ తీసేసి డబ్బాలు మద్రాసు అంపేవోరు. అక్కడ కడిగి చూసుకునేదాకా ఆళ్ళకీ తెలిసేది కాదు" అన్నాడు. కుర్రతనంలో ఈయన ట్రాలీ పట్టాలు మోశాడట. అప్పటి కెమెరాల రొద గురించి చెప్పమంటే నోటితో 'గరగరగర' మని చేసి చూపించాడు. నిజమే. ఔట్‌డోర్లో ఎక్కువగా వాడిన ఆరిఫ్లెక్స్ 2సి కెమెరా కుట్టుమిషనులా మోగేది. మాటలు ఎటూ తర్వాత డబ్బింగు థియేటర్లోనే కాబట్టి ఎవరికీ పట్టింపు లేకపోయింది. "ఇదేంటండీ మరి, పలకదు?" అని నా కెమెరాను వేలితో తట్టాడు. నాకు తెలిసి హెక్సార్ మీద ఇంతకన్నా మంచి సమీక్ష ఎవరూ రాయలేదు.

దేనికీ తగలని కిరణం

2024 ఆగస్టు 5. గోదారి వరదకు గట్టు కోసుకుపోయి ఉంది. ఆ పొద్దున చెట్టు కూలిపోయింది. టీవీల్లో, ఫోన్లలో మీరూ చూసే ఉంటారు. ఎంతోమంది సినిమావాళ్ళు బాధపడ్డారు, పాత పాటల క్లిప్పులు మళ్ళీ తిరిగాయి. నేను డ్రాయరు తెరిచి నెగటివ్ కవరు తీశాను. మొత్తం 36లో చెట్టువి పందొమ్మిది.

నవంబరులో ఒక ప్రింటు పెద్దది వేయించుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఆటో అతను ఏమీ అడగలేదు, తిన్నగా తీసుకెళ్ళి దింపాడు. గట్టు మీద వెలుగు ఎక్కువైపోయినట్టు అనిపించింది. పడిపోయిన మాను మొదలు, తెగిన వేళ్ళు, పక్కన ఏరు. అంతే. 2023లో నుంచున్న చోటునే వెతుక్కుని నుంచుని కెమెరా కంటికి ఆనించాను. బటన్ సగం నొక్కాను. అప్పుడు మానుకు తగిలి తిరిగొచ్చిన కిరణం ఈసారి దేనికీ తగల్లేదు. ఎదర ఏమీ లేనప్పుడు కెమెరా చేసే పనే చేసింది, లెన్సును అనంత దూరానికి పెట్టేసుకుంది. ఆ ఖాళీని ఒక్క ఫోటో తీశాను.

ఈ కెమెరా పరిస్థితీ గట్టున చెట్టు పరిస్థితే అని నాకు తెలుసు. కోనికా సంస్థ 2003లో మినోల్టాతో కలిసింది. 2006లో రెండూ కలిసి కెమెరాల వ్యాపారానికే స్వస్తి చెప్పాయి. పాత చేతి కెమెరాలైతే లోపల పళ్ళచక్రాలు, స్ప్రింగులే కాబట్టి ఓపికున్న మెకానిక్ విప్పి బాగుచేస్తాడు. ఇది సర్క్యూటు మీద బతికే ప్రాణి. లోపలి చిప్ పోయిందంటే దానికి విడిభాగం ఎక్కడా తయారవదు. 2సిఆర్5 అనే బ్యాటరీ వేస్తేనే కదులుతుంది. అది లేకపోతే ఒక్క ఫోటో కూడా తియ్యదు. అందుకని కొనుక్కోమని మీకెవరికీ సలహా ఇవ్వను. ఫిలిం సరదా ఉంటే చవగ్గా దొరికే పాత చేతి కెమెరాతో మొదలెట్టండి. నేను మాత్రం దీన్ని బీరువాలో దాచలేను. దాచిన కెమెరాలో మోటారు బిగుసుకుపోదన్న నమ్మకమేముంది? అది బతికున్నంత కాలం గోదారి చూపిస్తాను.

పెద్దాయన కనిపించాడు. గేదె లేదు, అమ్మేశాడట. ప్రింటు ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"చెట్టు నిండుగా వచ్చిందండి. నేనే కాస్త నల్లగా వచ్చేను."

"సాయంత్రం వెలుగు కదండీ బాబాయిగారూ."

"వెలుగుదేముందిలెండి, నా రంగే అంత" అని నవ్వి, తువ్వాల్లో జాగ్రత్తగా చుట్టుకున్నాడు. తర్వాత నన్ను మోడు దగ్గరకు తీసుకెళ్ళాడు. కూలిపోయాక దాన్ని బతికించడానికి కొందరు పూనుకున్నారు, మందులు పెట్టారు, నెలలు తిరక్కముందే మొదట్లోంచి చిగుళ్ళు వచ్చాయి. పేపర్లలో చదివాను గాని కంటితో చూడటం అదే. లేత ఆకుపచ్చ, చిటికెన వేలంత కాడలు.

"దీన్ని కూడా తియ్యండి" అన్నాడు. "ఆ చెట్టు మొక్కగా ఉన్నప్పుడు ఏ సినిమావోడూ తియ్యలేదు."

హెక్సార్ అరవై సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ చెయ్యదు. అందుకని మోకాళ్ళ మీద కూర్చుని కాస్త వెనక్కి జరిగాను. చిగురును సరిగ్గా నడిమధ్యకు తెచ్చి బటన్ సగం నొక్కాను. కౌంటరు 34 చూపిస్తోంది. మిగిలిన రెండూ దానికే తీశాను.