చక్రాల ఇంట్లో చలికాలం

అమెరికాలో ఉత్తర డకోటా రాష్ట్రాన, మిస్సోరి, ఎల్లోస్టోన్ నదులు కలిసేచోటికి చేరువలో విల్లిస్టన్ అనే ఊరుంది. 2008 తర్వాత అక్కడ చమురు పనులు ముమ్మరమై, నలుమూలలనుంచీ జనం వచ్చిపడ్డారు. అద్దె ఇళ్లు చాలక ఎందరో ట్రైలర్లలో, అంటే కారు వెనక తగిలించుకుపోయే చక్రాల ఇళ్లలో, కాపురం పెట్టారు.

వేసవిలో అది వేడుకే. శీతాకాలంలో మాత్రం ప్రాణసంకటం. ఒక్కొక్క రాత్రి చలి సున్నాకు దిగువన 30 డిగ్రీలకు పోతుంది. ఆ ఇంటిని వెచ్చబెట్టేది ప్రొపేన్ గ్యాసు. ట్రైలరు ముందుండే రెండు సిలిండర్లూ ఇంచుమించు మన వంటింటి సిలిండరంతే. అంత చలిలో ఒక్కొక్కటి ఒకటి రెండు రోజులకే ఖాళీ!

ఇంకో చిక్కుంది. సిలిండరులోని ద్రవం ఆవిరైతేనే మంట. ఆవిరి కావడానికి బయటి గాలిలోని వేడిమి కావాలి. చలి ముదిరేకొద్దీ చిన్న సిలిండరుకు ఊపిరి మందగిస్తుంది. సరిగ్గా అవసరమైన వేళకే మంట చిక్కిపోతుంది.

అందుకే తెలిసినవారు మంచు పడకముందే పెద్ద టాంకు తెప్పించి, ట్రైలరుకు ఎడంగా నిలిపిస్తారు. టాంకు పెద్దదైతే గాలి తగిలే ఒళ్లూ పెద్దదే. ఆవిరి ధారాళంగా వస్తుంది. లారీ వచ్చి నూటికి 80 వంతులే నింపుతుంది. ఎండకు ద్రవం వ్యాకోచించడానికి తక్కిన చోటు. గొట్టాలు, రెగ్యులేటరు బిగించడం పనితెలిసినవాని వంతు. అతుకులకు సబ్బునీళ్లు రాస్తే, బుడగ లేచినచోట లీకున్నట్టే.

వెచ్చదనం కోసం స్టవ్వు వెలిగించుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడు చప్పుడు లేకుండా కబళిస్తుంది. దాన్ని పసికట్టి కూసే పెట్టె గోడకు ఉండవలసిందే. చీకటి పడకముందే టాంకుమీది ముల్లు చూసిరావడం అక్కడి ఇల్లాలికి దీపం పెట్టడమంత నిత్యకృత్యం.