అవ్వ రిషభం

హోసూరులో మా ఇంట్లో అమ్మ వైపు తెలుగు, నాన్న వైపు తమిళం. ప్రార్థనకు మాత్రం అవ్వ తెలుగు కీర్తనే. పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలం నుంచీ ఆ కీర్తనలకు రాగం, తాళం ఉన్నాయి. అవ్వ పాడే ఒకటి మాయామాళవగౌళ. దానికి కీబోర్డు తోడు చేద్దామని మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఏఐని గాస్పెల్ కార్డ్స్ అడిగాను. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి ఇచ్చింది. అమెరికా నల్లవాళ్ల చర్చీల్లో నిండుగా పలికే వరసే.

"అతకలేదమ్మీ" అనింది అవ్వ.

నిజమే. సి షడ్జమమైతే ఈ రాగంలో రిషభం డి ఫ్లాట్. ఏఐ ఇచ్చిందేమో డి. తమిళ వాక్యానికి తెలుగు మాటలు తొడిగినట్టుంది.

ఇప్పుడు రాగం స్వరాలు ఏడూ ముందే రాసిస్తాను. సి, ఎఫ్ మైనర్, డి ఫ్లాట్ లాంటివి వస్తాయి. ఏది ఉంచాలో చెప్పేది మాత్రం అవ్వ చెవే.