సేమ్యాది ఏ ఊరు?

కొత్త క్లాసులో చేరగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న: "మీది ఏ ఊరు?" నాన్నగారు సీఐఎస్‌ఎఫ్‌లో పనిచేస్తారు. అందుకే అక్కకీ నాకూ దీనికి జవాబు చెప్పడం కష్టం. పుట్టింది ఒకచోట, అక్షరాలు నేర్చింది ఇంకోచోట. నాయనమ్మ ఉండేది శ్రీకాకుళం దగ్గర. ఇప్పుడు ఉంటున్నది భిలాయ్‌లో. అందుకని మేమిద్దరం ఈసారి ఆ ప్రశ్న మా ఇంటి సేమ్యాను అడిగాం.

ప్యాకెట్ మీద 'వర్మిసెల్లి' అని ఉంది. అది ఇటాలియన్ మాట. అర్థం 'చిన్న పురుగులు'! మనకు తెలిసిన హైదరాబాద్ కంపెనీ పేరు బాంబినో. అదీ ఇటాలియన్ మాటే, 'పసివాడు' అని అర్థం. పేర్లు ఇటలీవి. ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు పోపు మాత్రం మనది.

జపాన్‌లోనూ ఇలాంటి కథే ఉంది. 1945లో యుద్ధం ముగిశాక యొకొహామాలోని హోటల్ న్యూ గ్రాండ్‌లో అమెరికా సైన్యం దిగింది. సైనికులు స్పగెట్టిలో కెచప్ కలుపుకుని తినడం చూసి, అక్కడి పెద్ద వంటవాడు ఇరియే షిగెతదా టమాటా సాస్‌తో కొత్త వంటకం చేశాడని చెబుతారు. దాని పేరు 'నపోలితన్', అంటే నేపుల్స్ నగరానిది అని. తర్వాత చిన్న చిన్న కాఫీ హోటళ్లు చవకగా కెచప్‌తోనే చేశాయి. ఇటలీలో పాస్తా కాస్త పలుకుగా ఉంచుతారు. ఇక్కడ మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, క్యాప్సికం, సాసేజ్ ముక్కలతో వేయిస్తారు. ఇది నేపుల్స్ వంట కాదు. జపాన్ వాళ్లకు మాత్రం చిన్ననాటి రుచి.

మా భిలాయ్ కూడా అలాంటిదే. సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. పని కోసం అన్ని రాష్ట్రాల వాళ్లూ వచ్చారు, తమ వంటలతో సహా. పక్క క్వార్టర్ ఆంటీ దగ్గర అమ్మ బియ్యప్పిండి చీలా నేర్చుకుంది. మేం దాన్ని ఆవకాయతో తింటాం. మా సేమ్యా ఉప్మాలో చలికాలం పచ్చి బఠాణీలు పడతాయి, పైన పోహా మీద చల్లినట్టు సన్నని సేవ్ పడుతుంది.

సెలవుల్లో అది చూసి నాయనమ్మ, "ఇదేటర్రా, ఉప్మా మీద కారప్పూసేటి?" అంది. అయినా రెండోసారి పెట్టించుకుంది.

ఏప్రిల్‌లో నాన్నగారికి బదిలీ రావచ్చు. స్నేహితుల్ని వెంట తీసుకెళ్లలేం. కొత్త క్వార్టర్‌లో మొదటి ఆదివారం మాత్రం ఉప్మా మీద సేవ్ ఉండాలని అమ్మకు ఇప్పుడే చెప్పాం. అక్కడ ఎవరైనా "మీది ఏ ఊరు?" అంటే శ్రీకాకుళం అంటాం, భిలాయ్ కూడా అంటాం.