చేతిలో లేని శనగలు

2019 రంజాన్ మాసంలో ఒకనాడు ఇఫ్తారుకు మా ఇంట శనగ గుగ్గిళ్ళు వండాము. కర్నూలు జిల్లా నుండి వచ్చిన మా చిచ్చా ఖర్జూరంతో ఉపవాసం విరమించి, గుగ్గిళ్ళను అరచేతిలో పోసుకుని కాసేపు చూస్తూ ఉండిపోయారు. ఆయన పండించిన శనగలు అప్పటికి మూడు నెలలుగా శీతల గిడ్డంగిలో ఉన్నాయి. మద్దతు ధర క్వింటాలుకు 4620 రూపాయలు. వ్యాపారులు అంత ఇవ్వడం లేదు. సరుకు తాకట్టుపై తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతోంది. ఆ వడ్డీ మాట చెప్పడానికే ఆయన సిగ్గుపడ్డారు.

అదే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చున్న మా తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగి. ఆ వారమే అతడు ఫోనులో 10 టన్నుల శనగలు అమ్మాడు. అతని వద్ద గుప్పెడు శనగలైనా లేవు. విలువలో కొద్ది భాగం మార్జిన్‌గా కట్టి, ముందు అమ్మి, ధర పడ్డాక తిరిగి కొని, తేడాను మిగుల్చుకోవడం అతని ఆలోచన. ధర పడితే తమ్ముడికి లాభం. ధర లేస్తే చిచ్చాకు ఊపిరి.

చిచ్చా కోపగించుకోలేదు. "పది టన్నులంటే పద్నాలుగు ఎకరాల పంట కదా బేటా! అదంతా ఎవరి దగ్గరుంది?" అని మాత్రం అడిగారు.

తమ్ముడి అమ్మకం వల్లనే ధర పడిందని మేము అనము. ఫ్యూచర్స్ వ్యాపారం రైతుకు రాబోయే ధరను ముందే తెలుపుతుందన్న అతని వాదన కూడా పూర్తిగా అబద్ధం కాదు. కానీ మూడెకరాల రైతు పంట ఒక్క ఒప్పందానికైనా చాలదు. ధర ఎదురు తిరిగినప్పుడల్లా మార్జిన్ నింపే స్తోమత అతనికెక్కడిది? 2007లో కంది, మినుము, గోధుమ, బియ్యం ఫ్యూచర్స్‌ను నిలిపివేశారు. ధరల పెరుగుదలకు అవే కారణమని తేల్చి చెప్పలేమని అభిజిత్ సేన్ కమిటీ మరుసటి ఏడాది పేర్కొంది. శనగల వంతు 2021 ఆగస్టులో వచ్చింది. కొనేవారి వంటింట్లో ధర మండినప్పుడు కనిపించే ఈ తొందర, రైతు కళ్ళంలో ధర కూలినప్పుడు మాకు కనిపించలేదు.

తమ వద్ద లేని వస్తువును అమ్మరాదని దైవప్రవక్త (స) హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు బోధించారు. ధాన్యం కొన్నవారు దాన్ని స్వాధీనం చేసుకోకముందే మరొకరికి అమ్మడాన్నీ వారించారు. అయితే ఆయన మదీనా వచ్చినప్పుడు అక్కడివారు పండ్లకు ఏడాది, రెండేళ్ళ ముందే పైకం ఇచ్చే ఆచారం ఉండేది. దాన్ని ఆయన రద్దు చేయలేదు. కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలన్నారు. అదే సలమ్. అందులో పూర్తి పైకం ముందే చెల్లించాలి. ఫ్యూచర్స్‌లో రైతు చేతికి విత్తనాల ఖర్చయినా రాదు. సలమ్‌లో వడ్డీ లేని పెట్టుబడి వస్తుంది.

తమ్ముడికి ఆ అమ్మకంలో కొంత లాభమే వచ్చింది. ఆ సొమ్ము ఇంట్లోకి తేవద్దని అమ్మీ పట్టుబట్టడంతో, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేశాడు.

ఆ శరదృతువులో, శనగ విత్తే ముందు, అతడే చిచ్చాకు 20 క్వింటాళ్ళ పైకం మొత్తం చెల్లించాడు. రకం జేజీ-11, గడువు ఫిబ్రవరి ఆఖరు అని కాగితం రాసుకున్నారు. ఫలానా పొలంలోని పంటే అని రాయకూడదని మౌలానా సాహెబ్ చెప్పగా ఆ వాక్యం కొట్టివేశారు. ఫిబ్రవరిలో చిచ్చా ఫోను చేశారు: "సరుకు సిద్ధంగా ఉంది బేటా. నలభై బస్తాలు. ఎక్కడ దించమంటావు?"

తమ్ముడు మా వైపు చూశాడు. హైదరాబాదులో అతనిది రెండు గదుల ఇల్లు.